వెనుక నుంచే ఎందుకు?

"లూప్‌ను వెనుక నుంచి ఎందుకు నడిపారు?"

అడిగినాయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది. ఉద్యోగం కోసం ఇంటర్వ్యూ. హైదరాబాద్ రాయదుర్గంలో ఒక కంపెనీ, గాజు గది, తెల్ల బోర్డు. ఆ బోర్డు మీద నేను అప్పుడే న్యాప్‌సాక్ లెక్క రాసి మార్కర్‌కు మూత పెట్టాను. కొన్ని వస్తువులు, ఒక్కోదానికి ఒక బరువు, ఒక ఖరీదు. సంచి మోయగలిగినంతలో ఎక్కువ ఖరీదు ఎలా నింపాలి అన్నదే ఆ లెక్క. పన్నెండు లైన్లు, ఒక్క తప్పు లేదు. సంచి బరువు ఎక్కువ నుంచి తక్కువకు దిగుతూ, ఒక్కో బరువుకూ అదే పని మళ్లీ మళ్లీ చేసే లూప్. అంతకుముందు నాలుగు నెలల్లో ఆ పన్నెండు లైన్లు ముప్పైసార్లయినా రాసి ఉంటాను. ఎందుకు వెనుక నుంచి అని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

"అలాగే రాస్తారండీ" అన్నాను.

నోరు జారాక నాలుక కరుచుకుని లాభం లేదు. ఆయన మర్యాదగా ఇంకో అవకాశం ఇచ్చారు. "సరే, ఒకే వస్తువును ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు అనుకుందాం. అప్పుడు ఏం మారుస్తారు?" నేను బోర్డు తుడిచి కొత్త పట్టిక గీయడం మొదలుపెట్టాను. మార్చాల్సింది లూప్ దిశ ఒక్కటే. ముందు నుంచి నడిపితే సరిపోయేది. నాకు ఆ సంగతి అమీర్‌పేట దగ్గర మెట్రో దిగి మెట్ల మీదికి వచ్చాక వెలిగింది.

ఇలాంటి లెక్కల పద్ధతిని డైనమిక్ ప్రోగ్రామింగ్, పొట్టిగా డీపీ అంటారు: పెద్ద లెక్కను చిన్న లెక్కలుగా విడదీసి, ఒక్కోదాని జవాబునూ పట్టికలో ఒక గడిలో రాసుకుని వాడుకోవడం. అప్పటికి ఒక ప్రాక్టీసు సైటులో, ఆ విభాగం కింద, చేసిన లెక్కకు ఒకటి చొప్పున నా పేరు పక్కన 140 పచ్చ టిక్కులు ఉన్నాయి.

ఇది ఆరేళ్ల కిందటి మాట. ఇప్పుడు నేనే ఇంటర్వ్యూలు చేసే కుర్చీలో కూర్చుంటున్నాను. ఆ రోజు నేనన్న మాటే, కొంచెం అటూ ఇటూగా, నెలకు ఇద్దరు ముగ్గురు నాకు చెబుతున్నారు. అందుకే ఇది రాయాలనిపించింది. డీపీ రావాలంటే వందల లెక్కలు చేయాలన్న సలహా మన ఊళ్లో వేదవాక్కు అయిపోయింది. అది తప్పని నా వాదన. తక్కువ లెక్కలు చేయాలి. ప్రతి లెక్కకూ, పట్టికలో ఒక్క గడికి అర్థమేమిటో, పూర్తి తెలుగు వాక్యంలో రాయాలి. ఆ వాక్యం రాయలేకపోతే కోడ్ ముట్టుకోకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దీనికి సాక్ష్యం.

ముందు పేరు సంగతి. డీపీ అంటే మా అమ్మకు వాట్సాప్‌లో పెట్టుకునే ఫోటో. ఆ రోజుల్లో ఒకసారి ఫోనులో "డీపీ రావడం లేదమ్మా" అని వాపోతే, "నెట్ సరిగా లేదేమో, ఫోను ఆపి మళ్లీ పెట్టు" అంది. నవ్వాను కానీ, అసలు పేరు కూడా అంతకన్నా పెద్దగా సాయపడదు. రిచర్డ్ బెల్‌మన్ అమెరికాలోని ర్యాండ్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ 1950ల మొదట్లో ఈ పద్ధతికి రూపం ఇచ్చాడు. అక్కడ ప్రోగ్రామింగ్ అంటే కోడ్ రాయడం కాదు, ప్రణాళిక వేయడం. డైనమిక్ అన్న మాటను చెడు అర్థంలో వాడటం ఎవరి తరమూ కాదు కాబట్టే ఎంచుకున్నానని ఆయనే ఆత్మకథలో చెప్పుకున్నాడు. పరిశోధన అన్న మాట చెవిన పడితేనే మండిపడే రక్షణ మంత్రి విల్సన్ కంట పడకుండా గణితాన్ని దాచడానికి ఈ పేరు పెట్టానన్నాడు. ఆ విల్సన్ పదవిలోకి వచ్చింది 1953లో, ఈ పేరుతో బెల్‌మన్ వ్యాసం అచ్చయింది 1952లో. కాబట్టి కథలో కొంత మసాలా ఉంది. ఏమైనా, దాచడానికి పెట్టిన పేరును పట్టుకుని లోపలున్నదేమిటో ఊహించబోతే దొరకదు.

మన దగ్గర దాన్ని ఎలా నేర్పుతారో చెబుతాను. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనిపించకుండా కోచింగ్ ప్రకటనలు వేలాడుతుంటాయి. అందులో ఒకచోట నేను రెండు నెలలు కూర్చున్నాను. పేరు అనవసరం. సారు మంచివారే, గొంతు ఎండిపోయేలా చెప్పేవారు. కానీ పాఠమంతా ఒకటే: "ఈ పదిహేను నమూనాలు వస్తే చాలు." కింద జిరాక్సు షాపులో ఆ పదిహేను నమూనాల కట్ట అమ్మేవారు. లెక్కలో సంచి కనిపిస్తే నాలుగో నమూనా, రెండు పదాలు కనిపిస్తే ఏడో నమూనా. ఎస్సార్ నగర్ హాస్టల్లో మా గదిలో నలుగురం, రాత్రి పన్నెండు దాటాక ఒకరికొకరం నమూనా అంకె చెప్పించుకునేవాళ్లం. పురుగుల మందు డబ్బా మీద రంగు చూసి చేనుకు కొట్టినట్టు ఉండేది వ్యవహారం.

కంఠస్థం చెడ్డదని నేననను. ఎక్కాలు కంఠతా రానివాడితో లెక్క చేయించలేం. పద్యాలూ కంఠతా పట్టాం. కానీ బడిలో పద్యం అప్పజెప్పాక కథ ముగిసేది కాదు, ప్రతిపదార్థం రాయమనేవారు. అక్కడ దొరికిపోయేవాళ్లం. పచ్చ టిక్కు దగ్గర ప్రతిపదార్థం అడిగేవారు లేరు. మీరు రాసిన పన్నెండు లైన్లు టెస్ట్ కేసులన్నిటినీ దాటితే సైటు సంతోషిస్తుంది. అవి మీవో, జ్ఞాపకంవో, పక్క కిటికీలోంచి దించినవో దానికి అక్కర్లేదు.

మరి వెనుక నుంచే ఎందుకు? మెట్రో మెట్ల మీద నాకు తట్టింది ఇది. సంచిలో ఆరు కిలోలు పడతాయనుకోండి. వస్తువు ఒక్కటే: మూడు కిలోలు, ఖరీదు 50 రూపాయలు. పట్టికలో మూడో గడి అంటే మూడు కిలోలు పట్టే సంచి, ఆరో గడి అంటే ఆరు కిలోలు పట్టేది. లూప్ ముందు నుంచి నడిస్తే మూడో గడిలో 50 పడుతుంది. ఆరో గడికి వచ్చాక, "ఈ వస్తువు వేస్తే ఇంకా మూడు కిలోల చోటు మిగులుతుంది, అందులో ఎంత సర్దగలం?" అని మూడో గడిని అడుగుతాం. అది ఇందాకే మారిన గడి. "50" అంటుంది. మొత్తం 100. ఉన్నది ఒక్క వస్తువే అయినా సంచిలో రెండుసార్లు పడింది. వెనుక నుంచి వస్తే, ఆరో గడి అడిగే వేళకు మూడో గడి ఇంకా పాతదే, సున్నా అంటుంది. జవాబు 50. అంటే దిశలోనే గడి అర్థం దాగి ఉంది: పాత గడి "ఈ వస్తువును చూడకముందు" అంటోంది, కొత్త గడి "ఈ వస్తువును చూశాక" అంటోంది. ఈ రెండు మాటలు నా నోట్సులో ఎక్కడా లేవు. నాలుగో నమూనా అని మాత్రం ఉంది.

ఈ మధ్య ఆదివారాలు మా అక్క కొడుకు నిజాంపేట నుంచి మా ఇంటికి వస్తున్నాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మొదటి వారం లాప్‌టాప్ తెరిచి తన టిక్కులు చూపించాడు, గర్వంగానే. దొంగ లెక్క ఇచ్చాను. వీధిలో వరసగా ఇళ్లు, ఒక్కో ఇంట్లో కొంత సొమ్ము, పక్కపక్క ఇళ్లలో దొంగతనం చేస్తే అలారం మోగుతుంది, ఎక్కువలో ఎక్కువ ఎంత దోచుకోవచ్చు? లీట్‌కోడ్ అనే ప్రాక్టీసు సైటులో 198వ లెక్క. వాడు చేసిందే. అయిదు ఇళ్లు ఇచ్చాను: 9, 2, 3, 8, 1, వేల రూపాయల్లో. లాప్‌టాప్ మూయించి కాగితం ఇచ్చాను.

"గడికి అర్థం రాయరా ముందు" అన్నాను.

"ఈ ఇంటిదాకా వచ్చిన సొమ్ము" అని రాశాడు.

"ఈ ఇంట్లో దొంగతనం చేసినట్టా, చేయనట్టా?"

వాడు ఆగాడు. "చేసినట్టే కదా మామయ్యా."

"అయితే నింపు."

నింపాడు: 9, 2, 12, 17, 13. చివరి గడి జవాబని 13 చెప్పాడు. విచిత్రం ఏమిటంటే, బేసి ఇళ్లన్నీ కూడితే కూడా 13 వస్తుంది. ఏమీ రానివాడు చెప్పే జవాబూ, అంతా వచ్చనుకునేవాడు చెప్పే జవాబూ ఒకటే అయింది. అసలు జవాబు 17: మొదటి ఇల్లు, నాలుగో ఇల్లు, మధ్యలో రెండు ఇళ్లు వదిలేయాలి. వాడి పట్టికలో తప్పు లేదు. వాడి వాక్యం ప్రకారం అయిదో గడిలో 13 ఉండాల్సిందే, ఎందుకంటే అయిదో ఇంట్లో దూరితే నాలుగో ఇల్లు వదలక తప్పదు. కాకపోతే అలా రాసుకున్నవాడు చివరి గడిని కాదు, గడులన్నిటిలో పెద్దదాన్ని జవాబుగా చెప్పాలి. వాడు చదివిన కోడ్‌లో వాక్యం వేరు: "మొదటి ఇంటి నుంచి ఈ ఇంటి దాకా చూసి, పక్కపక్క ఇళ్లు ముట్టుకోకుండా, ఈ ఇంట్లో దూరినా దూరకపోయినా, దోచుకోగలిగిన అత్యధిక సొమ్ము." దానితో నింపితే 9, 9, 12, 17, 17. వాడు ఒక వాక్యంతో పట్టిక నింపి, ఇంకో వాక్యంతో జవాబు చదివాడు. ఇలాంటి తప్పును కోడ్‌లో వెతికితే అరపూట పడుతుంది. కాగితం మీద రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే చూడగానే తెలిసిపోతుంది.

తెలుగులో ఎందుకు అని మావాడు అడిగాడు. ఇంగ్లిషులో అందరూ రాస్తున్నారుగా అన్నాడు. నిజమే, ఏ భాషయినా పనికొస్తుంది. కానీ నాకు ఒక అనుమానం ఉంది, కొంచెం అతిగా అనిపించినా చెబుతాను. తెలుగు వాక్యంలో అసలు విషయం చివర్లో వస్తుంది. "చూసి, ముట్టుకోకుండా, దూరినా దూరకపోయినా, దోచుకోగలిగిన..." అని షరతులన్నీ తేల్చుకున్నాక గానీ "అత్యధిక సొమ్ము" దగ్గరికి చేరలేం. గడిని వర్ణించడానికి కావలసింది సరిగ్గా ఇదే. ఇంగ్లిషులో మొదటే "అత్యధిక సొమ్ము" అనేసి, షరతులు తర్వాత చెబుదాంలే అని మరిచిపోవడం తేలిక. పైగా మావాడికి ఇంగ్లిషులో ఆ వాక్యాలు కంఠతా వచ్చు, అక్కడే చిక్కు. తెలుగులో ఎవరూ వాడికి రెడీమేడ్‌గా ఇవ్వలేదు కాబట్టి సొంతంగా కూర్చుకోక తప్పలేదు.

తెలుగు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. డీపీ మొదలుపెట్టే ప్రతివాడూ మెట్ల లెక్క చేస్తాడు: ఒకసారికి ఒక మెట్టో రెండు మెట్లో ఎక్కొచ్చు, మొత్తం మెట్లు ఎన్ని రకాలుగా ఎక్కొచ్చు? ఇదే లెక్క మనం తొమ్మిదో పదో తరగతిలో వేరే పుస్తకంలో చేశాం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. కందపద్యంలో నాలుగు మాత్రల గణాలు అయిదే ఉంటాయి: గగ, భ, జ, స, నల. అయిదే ఎందుకు? మాస్టారు ఇవి గుర్తుపెట్టుకోండి అన్నారు, గుర్తుపెట్టుకున్నాం. నాలుగు మెట్లను ఒకటీ రెండుగా ఎక్కే దారులు అయిదే కాబట్టి. గణం చివర లఘువు ఉంటే ముందున్నవి మూడు మాత్రలు, అవి మూడు రకాలు. చివర గురువు ఉంటే ముందున్నవి రెండు మాత్రలు, అవి రెండు రకాలు. మూడూ రెండూ అయిదు. అయిదు మాత్రలకు ఎనిమిది, ఆరుకు పదమూడు. ఈ లెక్క కట్టే తీరును విరహాంకుడు, ఆ తర్వాత పన్నెండో శతాబ్దంలో హేమచంద్రుడు ఛందస్సు కోసమే చెప్పారు. ఈ అంకెల వరసకు తన పేరు పడ్డ ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచీ పుస్తకం వచ్చింది 1202లో. గొప్పలు చెప్పుకోవడానికి కాదు ఇది. చివరి అక్షరం ఏమిటన్న ప్రశ్నతో లెక్క విడిపోవడం చూడండి. డీపీలో ఎక్కువ భాగం ఆ ప్రశ్నే: చివరి అడుగు ఏమై ఉండొచ్చు?

లీట్‌కోడ్‌లో ఆ మెట్ల లెక్కకు 45 మెట్లు హద్దు. 45 మెట్లకు జవాబు 183,63,11,903. 46 అయితే ప్లస్ మైనస్ గుర్తు ఉండే 32 బిట్ల పూర్ణాంకంలో పట్టదు. ఒకసారి వచ్చిన జవాబును చీటీ మీద రాసి పెట్టుకోకుండా, అడిగినప్పుడల్లా సున్నా మెట్ల దాకా దిగి మొదటి నుంచి లెక్కించే రికర్షన్ 45 మెట్ల కోసం తనను తాను 367 కోట్లకు పైగా సార్లు పిలుచుకుంటుంది. చీటీలు పెట్టుకుంటే సున్నా నుంచి 45 దాకా నలభై ఆరు గడులు చాలు. మావాడి చేత మొదట చీటీలు లేకుండానే రాయించి, లాప్‌టాప్ ఫ్యాను చప్పుడు వినిపించాను. నమూనాల కట్టలో ఈ చప్పుడు ఉండదు.

ఛందస్సు ఇంకోచోట కూడా ఆదుకుంది. ఒక రూపాయి, రెండు రూపాయల నాణేలతో మూడు రూపాయలు ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చు? నాకు ఏళ్ల తరబడి ఇక్కడ పొరపాటు జరిగేది. ఒకసారి మూడు వచ్చేది, ఒకసారి రెండు. మాత్రలుగా చూస్తే మూడు గణాలు: న, గల, లగ. గలం వేరు, లగం వేరు, పద్యం నడక మారిపోతుంది. కానీ ఆర్టీసీ కండక్టరు చేతిలో చిల్లరగా చూస్తే రెండే: మూడు రూపాయి నాణేలు, లేదా ఒకటీ రెండూ. ఏది ముందు చేతిలో పెట్టాడన్నది ఎవరికీ పట్టదు. కోడ్‌లో తేడా రెండు లూపుల్లో ఏది బయట ఉందన్నదే. మొత్తం బయట ఉంటే ప్రతి మొత్తానికీ చివరి నాణెం ఏదన్న ప్రశ్న పడుతుంది, వరస లెక్కలోకి వస్తుంది, పద్యం. నాణెం బయట ఉంటే ఒక నాణెం సంగతి పూర్తిగా తేలాకే ఇంకో నాణెం, వరస పోతుంది, చిల్లర. ఇది నాకు తెలిసిన రోజు నుంచి ఆ రెండు లూపులను తారుమారు చేయలేదు.

ఇక సైటుల మీద నా అసలు ఫిర్యాదు. టిక్కులు సరే, పైన అంటించిన చీటీ మాటేమిటి? "డైనమిక్ ప్రోగ్రామింగ్" అని లెక్క నెత్తిన రాసి ఉంటే సగం జవాబు చెప్పేసినట్టే. ఇంటర్వ్యూలో, పోటీలో, పనిలో ఆ చీటీ ఉండదు. ఇది డీపీయా, లేక ఎప్పటికప్పుడు పెద్దది ఏరుకుంటూ పోతే సరిపోతుందా అన్న నిర్ణయమే అసలు విద్య. మన నాణేలతోనే చూడండి. ఇప్పుడున్న 1, 2, 5, 10, 20 రూపాయల నాణేలతో ఏ చిల్లరయినా పెద్ద నాణెం ముందు ఏరుకుంటూ పోతే తక్కువ నాణేలతో తేలిపోతుంది. దుకాణంలో కూర్చునే ఎవరైనా అలాగే చేస్తారు, డీపీ అక్కర్లేదు. కానీ మా నాన్న రోజుల్లో 25 పైసలూ ఉండేవి, 20 పైసలూ ఉండేవి. 40 పైసలు ఇవ్వాలంటే పెద్దది ముందు ఏరేవాడు 25, 10, 5 అని మూడు నాణేలు ఇస్తాడు. రెండు ఇరవైలతో పని అయిపోయేది. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలన్నీ 2011 జూన్ 30తో చెలామణీ నుంచి పోయాయి. ఒక నాణెం ఉండటం, పోవడంతో సులువు పద్ధతి చెల్లుతుందా లేదా అన్నదే మారిపోతోంది. చీటీ చూసి లెక్క చేసేవాడికి ఈ అనుమానమే రాదు.

అలాగని ప్రాక్టీసే వద్దనడం లేదు. యాట్‌కోడర్ అనే కోడింగ్ పోటీల సైటు 2019లో పెట్టిన డీపీ లెక్కల వరస ఒకటుంది, ఏ నుంచి జడ్ దాకా 26 లెక్కలు, కప్ప ఒక రాయి నుంచి ఇంకో రాయికి దూకే లెక్కతో మొదలవుతుంది. అక్కడా చీటీ ఉంది, ఒప్పుకుంటాను. కానీ పనిముట్టు చేతికి అలవాటయ్యే దాకా అవసరమే. మావాడికి ఆ 26లో పది ఇచ్చాను, వారానికి రెండు. ఆ తర్వాత చీటీలు కనబడకుండా అన్ని రకాలూ కలిపి ఇస్తున్నాను. రాకపోతే ఆ రోజుకు వదిలేయమంటాను, జవాబు చూడటం మర్నాటి సంగతి. నేను అరగంట కూడా ఓపిక పట్టకుండా జవాబు తెరిచేవాణ్ని. చదివితే అర్థమయ్యేది. అర్థమైంది కదా అని టిక్కు కొట్టించుకునేవాణ్ని. వంట వీడియో చూసి కడుపు నిండిందనుకున్నట్టు.

ఇంతా చేసి ఉద్యోగంలో డీపీ ఎక్కడ వాడతాం అనేవాళ్లున్నారు. వాళ్లతో నాకు పెద్ద పేచీ లేదు. ఆరేళ్లలో నేను కూర్చుని డీపీ రాసింది రెండుసార్లు. కానీ రెండు ఫైళ్ల మధ్య తేడాలు చూపించే పనిముట్టు అడుగున ఉన్నది రెండు వరసల్లో ఉమ్మడిగా ఉన్నదాన్ని వెతికే ఈ లెక్కే. రెండు ప్రొటీన్ల వరసలను పక్కపక్కన పేర్చి పోల్చడానికి నీడిల్‌మన్, వున్ష్ 1970లో ఇచ్చిన పద్ధతీ ఇదే పట్టిక. వాడకపోయినా సరే, గడికి అర్థం రాసే అలవాటు మాత్రం నాకు రోజూ పనికొస్తోంది. డేటాబేసులో ఒక కాలమ్ పేరు చూసి, "మొత్తం అంటే పన్నుతోనా, పన్ను లేకుండానా?" అని అడిగేది నేనే. జట్టులో కొందరికి అది విసుగు.

టిక్కులు వద్దంటే నువ్వు మాత్రం ఉద్యోగం తెచ్చుకున్నావుగా అని మా అక్క దెప్పింది. అదీ నిజమే. పక్క పిల్లలు అయిదు వందలు చేస్తుంటే తన కొడుకు వారానికి రెండు చేస్తున్నాడని ఆవిడ బెంగ. ఆవిడకు చూపించడానికి నా దగ్గర అంకె లేదు. వాడి నోట్సు చూపించాను, ఆవిడకు అందులో తెలుగు తప్ప ఇంకేమీ కనబడలేదు. "ఇది లెక్కల పుస్తకమా, వ్యాసాల పుస్తకమా?" అంది.

మొన్న బుధవారం రాత్రి పదకొండున్నరకు వాడి దగ్గర నుంచి సందేశం వచ్చింది. "మామయ్యా, దొంగ లెక్కలో అయిదో ఇల్లు తీసేసి, వీధిని గుండ్రంగా చేశాను. మొదటి ఇల్లూ చివరి ఇల్లూ ఇప్పుడు పక్కపక్కనే. జవాబు 17 కాదు, 12. కానీ ఒక వాక్యం సరిపోవడం లేదు. మొదటి ఇంటిని అసలు చూడకుండా ఒకటి, చివరి ఇంటిని అసలు చూడకుండా ఒకటి, రెండు రాయాల్సి వస్తోంది. అలా రాయొచ్చా?"

"రెండు ఇళ్లూ వదిలేసిన దొంగకు మూడో వాక్యం కావాలా?" అని తిరిగి అడిగాను.

టిక్కులు రెండూ నీలిరంగుకు తిరిగాయి. తెల్లవారేదాకా జవాబు రాలేదు.